మా చెల్లి నా మనసు వింటోందనుకున్న రోజులు

మా చెల్లెలు మాధురి నాకంటే ఏడాదిన్నర చిన్నది. అయినా ఇద్దరం ఒకే తరగతిలో చదువుకున్నాం. నాలుగో తరగతిలో నాకు టైఫాయిడ్ వచ్చి, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టి, ఆ ఏడు బడి పోయింది. మరుసటి జూన్‌లో వెళ్ళేసరికి నా పక్కన అది కూర్చుని ఉంది. అప్పటినుంచి ఊళ్ళో ఎవరు మార్కులు అడిగినా మా ఇద్దరివీ కలిపే అడిగేవారు. ఇంట్లోవాళ్ళు ముందు దానివి చెప్పేవారు. తర్వాత నావి.

ఇప్పుడు నేను నరసరావుపేటలో డిగ్రీ రెండో సంవత్సరం. బాగానే ఉన్నాను. ఈ మధ్య మా క్యాంటీన్‌లో ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా మూత తీయకుండా, దాని వంకే చూస్తూ కూర్చోవడం చూశాను. స్నేహితురాళ్ళు "తిండి దగ్గర కూడా పోజులే" అని నవ్వుకున్నారు. అది పోజు కావచ్చు, ఆకలి లేకపోవచ్చు, ఇంట్లో గొడవ కావచ్చు. కానీ నేనూ ఒకప్పుడు అలా డబ్బా వంక చూస్తూ కూర్చున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆగస్టు

పదో తరగతి అయ్యాక ఇద్దరినీ నరసరావుపేటలో హాస్టలున్న కాలేజీలో బైపీసీలో చేర్పించారు. మా ఊరు మాచవరం మండలంలో. నాన్న మిరప, పత్తి వేస్తాడు. ఎన్నికలొస్తే ఊళ్ళో ఒక వర్గానికి ముందు నిలబడతాడు. అందుకని మా ఇంట్లో చిన్న సంగతి జరిగినా అరుగుల మీద పెద్ద కబురవుతుంది.

కాలేజీలో మొదటి పరీక్ష పెట్టి బ్యాచ్‌లు విడదీశారు. మాధురికి మొదటి బ్యాచ్, నాకు మూడోది. రాత్రి ఒకే గదిలో పడుకుని, తెల్లవారాక వేరు వేరు అంతస్తులకు వెళ్ళేవాళ్ళం.

నాకు దాని మీద చిన్నప్పటినుంచీ కుళ్ళు. ఇందులో దాపరికం ఏమీ లేదు, మా చుట్టాలందరికీ తెలిసిందే. అది కొత్త చుడీదార్ వేసుకుంటే నా ఒంటి మీది బట్ట వెలిసిపోయినట్టు కనిపించేది. అమ్మ దానికి రెండో గారె వేస్తే నా పళ్ళెంలోది చల్లారిపోయినట్టుండేది. తట్టుకోలేనప్పుడు దాని జడ పట్టి లాగేదాన్ని, గాజులు తీసి బియ్యం డబ్బాలో దాచేదాన్ని. అది గుక్కపట్టి ఏడిస్తే నాకు కాస్త చల్లబడేది. అమ్మ వచ్చి ఇద్దరికీ చెరొక దెబ్బ వడ్డించేది. మళ్ళీ ఒకే దుప్పటిలో పడుకునేవాళ్ళం.

ఆ ఆగస్టులో మొదలైంది మాత్రం వేరు.

ముందు నిద్ర పోయింది. తర్వాత చప్పుళ్ళు పెద్దవయ్యాయి. మెస్‌లో గిన్నెలు దించితే నా చెవి పక్కనే దించినట్టుండేది. ట్యూబ్‌లైట్లు మరీ తెల్లగా మండుతున్నట్టు అనిపించేది. సాయంత్రం స్టడీ అవర్‌లో, ఫ్యాన్ల మోతలోంచి ఎవరో "ప్రసన్నా" అని పిలిచేవారు. తిరిగి చూస్తే అందరూ తలవంచుకుని చదువుకుంటున్నారు. ఫ్యానే అయ్యుంటుందిలే అనుకున్నాను. మర్నాడూ పిలిచారు. ఈసారి ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి, కరెంటు లేదు.

తర్వాత మాధురి సంగతి. మెస్‌లో కూర్చుని నిమ్మకాయ పచ్చడి ఉంటే బాగుండు అనుకున్నాను. అంతలోనే అది "అక్కా, అమ్మ పంపిన నిమ్మకాయ పచ్చడి అయిపోయిందా?" అంది. ఇంకోసారి నాన్న మోకాలి నొప్పి గుర్తొచ్చింది. అది అప్పుడే నాన్నకు ఫోన్ చేసి మోకాలి గురించి అడుగుతోంది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరికి ఒకే పచ్చడి గుర్తుకురావడం వింతేమీ కాదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అది వింతలా లేదు, రుజువులా ఉంది. నా మనసులో అనుకునేది దానికి వినపడుతోంది!

ఆ ఆలోచన వచ్చిన క్షణం నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే ఒక్కసారిగా ఎంతో హాయి కలిగింది. ఇన్నేళ్ళ నా కుళ్ళుకు కారణం దొరికింది. అది నాకంటే తెలివైంది కాదు. నేను చదివింది విని, నాకంటే ముందు రాసేస్తోంది. ఆ మార్కులు నావే.

ఆ హాయి రెండు రోజులు కూడా నిలవలేదు. మార్కులు తీసుకునేది ఇంకేమైనా తీసుకోగలదు కదా అని భయం పట్టుకుంది.

దసరా సెలవులకు ముందు

దానికి వినపడకుండా ఉండటానికి మనసులో ఎక్కాలు చదువుకునేదాన్ని. పాఠం జరుగుతున్నా ఎక్కాలే, అన్నం తింటున్నా ఎక్కాలే. దాంతో పాఠం తలకెక్కలేదు. మూడో బ్యాచ్‌లో కూడా అడుగుకు పడ్డాను. స్నానం చేయాలంటే బద్ధకం. తల దువ్వుకోవాలంటే ఎందుకులే అనిపించేది. మాధురి మెస్ నుంచి డబ్బాలో అన్నం తెచ్చిపెడితే మూత తీసేదాన్ని కాదు. అందులో ఏదో కలిపిందని నమ్మకంగా చెప్పలేను. కలపలేదని కూడా చెప్పలేను.

ఒకరోజు అది నా మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకోబోయింది. నేను గోడకు జరిగాను.

"ఏందక్కా, నన్ను జూసి భయపడతన్నావు?" అంది.

"నీకు తెలీదా?" అన్నాను.

"నాకేం తెలుస్తదే?" అంటూ అది ఏడుపు మొహం పెట్టింది. ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను.

ఆ గదిలో మిగతా ఇద్దరు అమ్మాయిలు దువ్వెన కోసం కొట్టుకుని, అయిదు నిమిషాల్లో నవ్వుకునేవారు. వాళ్ళను చూస్తే కడుపు మండిపోయేది. ఆ నవ్వు చూసి కాదు. పక్కమీద వాలగానే నిద్రపోతారు చూడండి, అందుకు.

ఒక ఆదివారం ఊళ్ళోకి వెళ్ళి సామాన్లు కొనుక్కోవడానికి వదిలారు. నేను కొట్టుకు వెళ్ళకుండా బస్టాండుకు వెళ్ళి మాచర్ల బస్సెక్కాను. దూరం పెరిగితే దానికి వినపడదని నా లెక్క. నకరికల్లు దాటేసరికి నిజంగానే తలలో నిశ్శబ్దంగా అయింది. కిటికీలోంచి గాలి వస్తోంది. చేలల్లో పత్తి మొక్కలు మోకాలెత్తు దాటి ఉన్నాయి. చాలా రోజులకు ఎక్కాలు మానేసి ఊరికే చూస్తూ కూర్చున్నాను.

పిడుగురాళ్ళలో దిగాను. బస్టాండులో మైకు మాట్లాడుతోంది. ఏదో బస్సు ఏదో ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉందని చెబుతోంది. ఆ మాటల మధ్యలోనే స్పష్టంగా నా పేరు. "ప్రసన్న ఇక్కడే ఉంది." ఊళ్ళన్నిటికీ వినపడేలా మైకులో.

చున్నీ చెవులకు చుట్టుకుని ఒక స్తంభం వెనక ముడుచుకుని కూర్చున్నాను. నేను వచ్చిన బస్సులోని కండక్టరమ్మ టీ గ్లాసుతో అటు వచ్చి నన్ను చూసింది.

"ఏమ్మాయ్, ఎవరి తాలూకు నువ్వు? ఎవడన్నా ఏమన్నా అన్నాడా?"

"మైకులో నా పేరు పిలుస్తున్నారు" అన్నాను.

ఆమె నవ్వలేదు. మైకు వంక ఒకసారి చూసి, నా పక్కన కింద కూర్చుంది. "పిలిస్తే పిలవనీలేమ్మా. నేనున్నాగా. ఎవరొస్తారో ఇద్దరం చూద్దాం" అంది.

తన టీలో సగం నాకు పోసింది. నెమ్మదిగా మాటల్లో పెట్టి నాన్న నంబరు చెప్పించుకుని ఫోన్ చేసింది. బస్సు బయల్దేరే వేళయితే నన్ను విచారణ గదిలో కూర్చోబెట్టి, "వాళ్ళ నాయన వచ్చిందాకా ఈ పిల్లను కదలనీమాకండి" అని అక్కడివాళ్ళకు చెప్పి, తన నీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఆమె పేరు అడగలేదు. ఆమెకు కూతుళ్ళుంటే వాళ్ళు అదృష్టవంతులని, వాళ్ళ మీద కూడా కాస్త కుళ్ళుకున్నాను.

నాన్న బండి మీద వచ్చాడు. తిడతాడనుకున్నాను. నా చెవులకున్న చున్నీ చూశాడు. "ఎక్కు తల్లీ" అన్నాడు, అంతే. దారంతా ఆయన వీపు వణకడం నాకు తెలుస్తూనే ఉంది.

ఇంట్లో

ఊళ్ళో సూదిమందు వేసే ఆయన వచ్చి, నీరసమని సెలైన్ పెట్టి టానిక్ రాశాడు. అమ్మ దర్గాకు వెళ్ళి తాయెత్తు కట్టించుకొచ్చింది. నాన్న మాత్రం ఒకటే మాట: "పరీక్షల బెదురు. నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే అదే పోద్ది. ఊళ్ళో ఎవరికీ చెప్పమాకండి."

దసరా సెలవులకు మాధురి వచ్చింది. వచ్చిన సాయంత్రమే వంటింట్లో అమ్మానాన్నలతో దాని గొంతు వినపడింది. నేను గది తలుపు వెనక నిలబడ్డాను.

"టానిక్కుతో పోయేది కాదు నాన్నా. బోటనీ మేడంతో మాట్లాడా. గుంటూరులో పిల్లలకు, పెద్దపిల్లలకు చూసే మనసు డాక్టరున్నారంట. మొదట్లోనే చూపిస్తే మంచిదంట."

"మనసు డాక్టరా? పిచ్చి డాక్టరని చెప్పవే సూటిగా!" నాన్న గొంతు పెరిగింది. "ఆ గుమ్మం ఎక్కిందని తెలిస్తే రేపు దాన్ని ఎవడు జేసుకుంటాడు? కాలేజీలో మేడంకు కూడా చెప్పొచ్చావా? ఎవరడిగారే నిన్ను?"

"ఎవరూ అడగల. అక్క అన్నం తినటంలా, నాకు భయమేస్తంది."

దానికి అమ్మ అంది, "పెళ్ళి మాట తర్వాత జూద్దాం. ముందు పిల్ల ఉండాలిగా."

అమ్మ నాన్నకు ఎదురు చెప్పడం నేనెరగను. ఆ మాట నా కోసమే అన్నా, నాకు వినిపించింది ఒకటే. మాధురి చెబితే అమ్మ వింది. మేడం కూడా మూడో బ్యాచ్ పిల్లనైన నాతో ఏనాడూ మాట్లాడలేదు, దానితో మాట్లాడింది. అందరూ దాని వైపే ఉన్నారు.

నవంబరు, గుంటూరు

ఆ ఆసుపత్రిలో కింద ఎముకల డాక్టరు, పైన మా డాక్టరు. కూర్చునే హాలు మాత్రం అందరికీ ఒకటే. నా ఎదురుగా చేతికి కట్టుతో ఒక అమ్మాయి. దాని కట్టు మీద స్నేహితులు రంగు పెన్నులతో పేర్లు రాశారు. వచ్చినవాళ్ళంతా "అయ్యో, ఎట్టా పడ్డావమ్మా?" అని అడుగుతున్నారు, అది గొప్పగా చెబుతోంది. ఆ కట్టును చూసి నేను కుళ్ళుకున్నంతగా జీవితంలో దేన్నీ చూసి కుళ్ళుకోలేదు. నాకూ ఒంటి మీద ఎక్కడో ఒకచోట తెల్లటి కట్టు ఉంటే, ఇదిగో ఇక్కడ అని చూపించేదాన్ని. నాన్న కూడా తలవంచుకుని కూర్చునేవాడు కాదు. ఆయన తెలిసినవాళ్ళు ఎవరైనా కనపడతారేమోనని మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

డాక్టరు అమ్మ వయసు ఆవిడ. ముందు నన్నొక్కదాన్నే పిలిచారు. బల్లకు అటువైపు కాకుండా నా పక్క కుర్చీలో కూర్చున్నారు. నిద్ర, తిండి, చదువు అడిగారు. ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, ఎవరైనా ఏమైనా మత్తుమందు అలవాటు చేశారా, ఎవరైనా నిన్ను బాధపెట్టారా అని అడిగారు. చచ్చిపోవాలనిపించిందా అని కూడా మామూలు గొంతుతోనే అడిగారు. "లేదు మేడం, దాక్కోవాలనిపించింది" అన్నాను.

పేరు పిలిచే సంగతి, మైకు సంగతి, చెల్లెలి సంగతి అన్నీ చెప్పాను. మధ్యలో ఆపలేదు. అయ్యాక ఒక మాట అడిగారు.

"మీ చెల్లి నీ మనసులో మాట వింటోందన్నావు కదమ్మా. అది నిజమే అనిపిస్తుందా, నిజమేమో అనిపిస్తుందా?"

చాలాసేపు ఆలోచించాను. "అది దగ్గరుంటే నిజమే అనిపిస్తుంది మేడం. ఇప్పుడు మీకు చెబుతుంటే నిజమేమో అనిపిస్తోంది."

ఆవిడ మొహం తేలికపడింది. "ఆ 'మో' ఉంది చూడు, దాన్ని గట్టిగా పట్టుకో. అది ఉన్నంతవరకూ మనం పని చేయడానికి చోటుంటుంది" అన్నారు.

తర్వాత అమ్మానాన్నలను పిలిచారు. మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా అని అడిగారు. అమ్మ వెంటనే "మా వైపు ఎవరికీ లేదండీ" అంది. నాన్న తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. చివరికి "మా చిన్నాయనకు ఉండేది" అన్నాడు. "గోడలతో మాట్లాడేవాడు. ఎవరికీ చూపించలా. ఒకనాడు ఇంట్లోంచి పోయాడు, మళ్ళీ రాలా."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "ఆయన కాశీ బోయాడని గదయ్యా మీరందరూ చెప్పింది?"

నాన్న తువ్వాలును మళ్ళీ మడతపెట్టాడు. మనసు డాక్టరు మాట ఎత్తితే అంత మండిపడ్డాడెందుకో నాకప్పుడు అర్థమైంది. ఆయన నాలో చిన్నతాతను చూశాడు. పిడుగురాళ్ళనుంచి బండి మీద వస్తున్నంతసేపూ ఆయన భయపడింది పరువుకు కాదు.

ఆఖరున మాధురిని పిలిచారు. నేను బయట ఉంటానా, లోపల ఉంటానా అని డాక్టరు నన్నే అడిగారు. లోపలే ఉంటానన్నాను. అది ఏం చెబుతుందో నా చెవులతో వినాలి.

డాక్టరు దాన్ని అడిగారు, "మీ అక్కకు నీ మీద కోపమా, అసూయా? అక్కచెల్లెళ్ళ మధ్య ఉండేవే కదా. దాన్నే నువ్వు జబ్బనుకుంటున్నావేమో?"

మాధురి కళ్ళు తుడుచుకుని చెప్పింది. "అక్కకు నా మీద కుళ్ళు పుట్టినప్పటినించీ ఉంది మేడం. అది నాకు బాగా తెలుసు. అది వస్తే అక్క అరుస్తది, జడ పీకుతది, నా గాజులు దాస్తది. ఇది అది కాదు. రెండు నెలల బట్టి అక్క నన్ను ఒక్క మాట తిట్టలా. నా వంక జూసి గోడకు జరుగుతంది. మా అక్క నన్ను జూసి భయపడటమేంది మేడం?"

డాక్టరు తల ఊపారు. నేను ఒక గంట చెప్పినదానికంటే అది నాలుగు మాటల్లో చెప్పింది ఆవిడకు బాగా అర్థమైందని తెలిసిపోయింది. అంత బాధలోనూ దాని మీద మండింది. నా జబ్బు గురించి కూడా అదే బాగా చెప్పాలా?

నెల లోపల ఇంకో రెండుసార్లు వెళ్ళాం. రక్తపరీక్షలు చేయించారు, మళ్ళీ మళ్ళీ మాట్లాడారు. చివరికి అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. లేని గొంతులు వినిపించి, లేనివి నిజమనిపించే పెద్ద జబ్బు ఒకటుంది, ఇది పూర్తిగా ఆ జబ్బు కాదు. రాబోతున్న గుర్తులు కావచ్చు, కాకపోవచ్చు. ఇలాంటి గుర్తులున్న పిల్లల్లో చాలామందికి ఆ పెద్ద జబ్బు రానే రాదు. కొందరికి వస్తుంది. ముందే చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. కాబట్టి కళ్ళు తెరుచుకుని ఉండాలి. నిద్ర సరిగా ఉండాలి, ఒత్తిడి తగ్గాలి, వచ్చి మాట్లాడుతూ ఉండాలి. ముదిరితే మందులు చూద్దాం.

"అంటే పేరేం లేదా దీనికి?" అన్నాడు నాన్న.

"ప్రస్తుతానికి జాగ్రత్త అనుకోండి" అన్నారు డాక్టరు.

చలికాలం

నేను ఇంటి దగ్గర ఉండిపోయాను. వార్షిక పరీక్షలు రాస్తే చాలని కాలేజీవాళ్ళను నాన్న ఒప్పించాడు. ఏమని చెప్పాడో నాకు తెలియదు. అమ్మ నా దగ్గరే పడుకునేది. నేను మేలుకుంటే తనూ లేచి కూర్చునేది, ఏమీ అడిగేది కాదు. పొద్దున పూట నాన్న నన్ను చేనుకు తీసుకెళ్ళేవాడు. మిరప తోటలో కూలీల మధ్య కాయలు కోస్తూ ఉంటే, పక్కమనిషి చెప్పే కోడలి కబుర్లలో పడి నా పేరు పిలిచే గొంతు సంగతి మరిచిపోయేదాన్ని.

వారం వారం గుంటూరు వెళ్ళేవాళ్ళం. డాక్టరు ఒక పని చెప్పారు. "మీ చెల్లి వింటోందో లేదో మనమే చూద్దాం. తనకు చెప్పి, తన ముందే ఏదో ఒకటి అనుకో. ఏం అనుకున్నావో అడుగు." దానికి చెప్పడమే నాకు కష్టం. అది సెలవుకు వచ్చినప్పుడు, మిరపకాయలు ఆరబోసిన పట్టా పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ చెప్పేశాను. నా మనసు విని పరీక్షలు రాస్తున్నావనుకున్నానే అని.

అది చేతిలో కాయ వదిలేసి నా వంక చూసింది. "నీ మనసు విని రాస్తే నేను కూడా మూడో బ్యాచ్‌లోనే ఉండేదాన్ని గదే!" అంది.

చివుక్కుమంది. కానీ ఆ మాటలో ఉన్న న్యాయం మైకు కంటే గట్టిగా వినపడింది. తర్వాత పరీక్ష పెట్టాం. నేను ఒకటి అనుకోవడం, అది చెప్పడం. నేను పెళ్ళిలో తిన్న పనసకాయ బిర్యానీ అనుకుంటే అది "బోటనీ మేడం చీర" అంది. నేను ఏనుగు అనుకుంటే అది "నాన్న మోకాలు" అంది. ఒక్కటీ కలవలేదు. అయినా నమ్మకం ఒక్కరోజులో పోలేదు. ఇది నటిస్తోందేమో అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. కాకపోతే ఆ అనుమానం చివర కూడా 'మో' ఉందని గమనించాను.

అదే రోజుల్లో మాధురికి హాస్టల్లో జ్వరం వచ్చింది. ఆ వారం మాకు గుంటూరు వెళ్ళాల్సిన రోజు. అమ్మ నాతో వచ్చింది, దాని దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. జ్వరం తగ్గాక ఇంటికి వచ్చి సంచి విసిరికొట్టింది.

"నాకు కూడా ఏదన్నా పెద్దదే రావాల్సింది. అప్పుడన్నా వచ్చేవాళ్ళు" అంది అమ్మతో. తర్వాత నా వైపు తిరిగింది. "నీ మీద కుళ్ళుగా ఉందక్కా. అమ్మ నీ పక్కనే పడుకుంటది. నాన్న నిన్ను చేనుకు తీసకపోతాడు. డాక్టరమ్మ నీ మాట గంట గంట వింటది. నేను ఒక్కదాన్నే గదిలో పడుకుని మూలుగుతుంటే మంచినీళ్ళిచ్చినవాళ్ళు లేరు."

పుట్టి పదహారేళ్ళలో మాధురికి నన్ను చూసి కుళ్ళు పుడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. నిజం చెప్పాలంటే కాస్త బాగుంది కూడా. ఆ రాత్రి అమ్మను దాని మంచం మీదకు పంపేశాను.

ఇలాంటి జబ్బులో ఇంట్లోవాళ్ళందరూ ఒక పిల్ల చుట్టూ చేరితే రెండో పిల్ల ఎక్కడుందో ఎవరూ చూడరు. ఇది చదివే అమ్మానాన్నలకు నేను చెప్పాలనుకున్న వాటిలో ఇదొకటి. ఇంకొకటి, చదువు తగ్గితే బద్ధకమని, మాట తగ్గితే పొగరని, స్నానం మానేస్తే మురికి అలవాటని ఊరుకోకండి. అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే, పిల్లకు తనమీద తనకే నమ్మకం లేనట్టుంటే, అడగండి. అడిగాక నవ్వకండి, కొట్టిపారేయకండి. కాకపోతే మంచిదే. అయితే మాత్రం అడిగినవాళ్ళే అక్కరకొస్తారు.

రెండో ఏడు

అంతా సాఫీగా జరగలేదు. రెండో ఏడు ప్రాక్టికల్స్ ముందు నిద్ర మళ్ళీ పాడైంది, పేరు పిలవడం మళ్ళీ మొదలైంది. ఈసారి మూడో రోజునే అమ్మకు చెప్పాను. డాక్టరు చిన్న మోతాదులో మాత్ర మొదలుపెట్టారు. దాంతో పొద్దున లేవలేనంత మత్తు, రెండు నెలల్లో ఒళ్ళు వచ్చింది. చుడీదార్లు బిగుతయ్యాయి. సన్నగా రివ్వున తిరిగే మాధురిని చూస్తే మళ్ళీ మంట. కానీ గొంతు ఆగింది. ఏడాది మీద మాత్ర తగ్గిస్తూ వచ్చి మానిపించారు. ఇప్పటికీ మూడు నెలలకోసారి వెళ్ళి కూర్చుని మాట్లాడి వస్తాను.

నేను మాత్ర వేసుకుంటున్న ఆ ఏడే ఇంటర్ ఇద్దరం పాసయ్యాం. నేను గట్టెక్కానంతే. మాధురికి ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చి అగ్రికల్చర్ బీఎస్సీలో సీటొచ్చింది. ఆ కబురు వచ్చిన రోజు నాన్న ఊరందరికీ స్వీట్లు పంచాడు. వచ్చినవాళ్ళంతా దాని తల నిమిరారు. ఒకావిడ నా వైపు తిరిగి "నువ్వేం చేస్తన్నావమ్మా పెద్దదానా?" అని, నేను చెప్పేలోపే లడ్డూ నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాన్న నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేను ఎప్పుడూ తెప్పించలేకపోయాను.

నేను లేచి దొడ్లోకి వెళ్ళి నీళ్ళ తొట్టి పక్కన కూర్చున్నాను. ముందు పళ్ళు బిగబట్టుకున్నాను, తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాను. నీళ్ళ చెంబు తీసి గోడకేసి కొట్టాను.

చెంబు చప్పుడుకు అమ్మ పరుగెత్తుకొచ్చింది. చేతికి మిఠాయి పాకం అంటుకుని ఉంది. నన్ను అలా చూసి మొహం పాలిపోయింది. ఎదురుగా గొంతుక్కూర్చుని నా కళ్ళలోకి చూసింది.

"ఏందే తల్లీ? మళ్ళీ ఏమన్నా వినపడతందా?"

"లేదు."

"ఎవరన్నా పిలుస్తన్నారా? చెప్పవే. నిద్ర పట్టిందా రాత్రి?"

"పట్టింది. ఏం వినపట్టంలేదమ్మా. నాకు కుళ్ళుగా ఉంది, అంతే. దానికి సీటొచ్చింది, నాకు రాలేదు. అందరూ దాన్నే చూస్తన్నారు. నాకు చచ్చేంత కుళ్ళుగా ఉంది."

అమ్మ కాసేపు నా మొహంలోకే చూసింది. అబద్ధం చెబుతున్నానేమోనని వెతికింది. తర్వాత అలాగే తడి నేల మీద చతికిలబడి, గుండెల మీద చెయ్యి వేసుకుని పెద్దగా ఊపిరి వదిలింది.

"అంతేనా!" అంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. "అంతేగదా! కుళ్ళుకో తల్లీ. ఎంత గావాలంటే అంత కుళ్ళుకో."